చీర ఫోటో మీద మౌస్ పెడితే జరీ పెద్దగా కనబడాలి, ప్లగిన్ లేకుండా కుదురుతుందా?

టవర్‌క్లాక్_కుర్రోడు (అనంతపురం):
అందరికీ నమస్తే. ధర్మవరంలో మా మామకు పట్టుచీరల షాపు ఉంది, దానికి సైట్ చేస్తున్నాను. వర్డ్‌ప్రెస్ లాంటివేం లేవు, చేత్తో రాసిన హెచ్‌టీఎంఎల్ పేజీలే. మొన్న చూపిస్తే మామ అన్న మాట: "షాపుకొచ్చినోళ్లు అంచు కంటి దగ్గర పెట్టుకుని చూస్తారు, కొంగు తిప్పి చూస్తారు, నీ సైట్‌లో అట్లా చూసేకి లేదే." అందుకని గుండ్రటి భూతద్దం పెడదామని మొదలుపెట్టాను. ఒక డివ్ (పేజీలో ఒక డబ్బా), 180 పిక్సెళ్ల వెడల్పు, బోర్డర్-రేడియస్ 50 శాతం, లోపల అదే ఫోటో బ్యాక్‌గ్రౌండ్‌గా రెండున్నర రెట్లు. మౌస్‌తో పాటు కదులుతోంది, అంతవరకు బాగుంది. కానీ పేజీ కిందికి జరిపితే అద్దం ఎక్కడో పైన తేలుతోంది, మౌస్ కదిలినప్పుడల్లా టపటపా ఆరి వెలుగుతోంది, ఇంకా అద్దంలో కనబడే బొమ్మ మసక. ఫోన్‌లో అయితే అసలు రావడమే లేదు. ఎవరైనా చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

ఉగ్గాణి_ఫ్యాన్ (అనంతపురం):
బ్రో ఎందుకింత కష్టం, జేక్వెరీ (రెడీమేడ్ జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ప్లగిన్ ఒకటి పడెయ్, ఎలివేట్‌జూమ్ అని ఉంటుంది, మా సీనియర్లు కాలేజీ ప్రాజెక్టుల్లో అందరూ అదే వాడారు. ఒక్క లైను.

కొండారెడ్డి_కోడర్ (కర్నూలు):
ఒక్క లైను కోసం ముందు జేక్వెరీ మొత్తం దింపాలి తమ్ముడూ. మౌస్ ఈవెంట్లు ఒక్కో బ్రౌజర్‌లో ఒక్కో రకంగా ఉన్న రోజుల్లో జేక్వెరీ మనల్ని కాపాడింది, కాదనను, కానీ 2006లో అది వచ్చినప్పటి అవసరం ఇప్పుడు లేదు. భూతద్దం మామూలు జావాస్క్రిప్ట్‌లో ముప్ఫై నలభై లైన్లు దాటదు. పైగా ప్లగిన్ పెట్టినా ఆ మసక పోదు, దాని సంగతి వేరు, తర్వాత చెబుతా.

కుర్రోడూ, నువ్వు చెప్పిన మొదటి రెండూ కోడ్ చూడకుండానే చెప్పొచ్చు. పేజీ జరిపితే అద్దం తప్పుతోందంటే, నువ్వు మౌస్ స్థానం పేజ్‌వై నుంచి తీసుకుని, ఫోటో స్థానం గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ నుంచి తీసుకుంటున్నావు. పేజ్‌వై పేజీ మొదలు నుంచి కొలుస్తుంది, రెండోది ఇప్పుడు తెర మీద కనబడుతున్న భాగం పైఅంచు నుంచి కొలుస్తుంది. పైన ఉన్నంతసేపు రెండూ ఒకటే కాబట్టి తేడా తెలియదు, జరపగానే జరిపినంత మేర తేడా వస్తుంది. క్లయింట్‌ఎక్స్ లోంచి రెక్ట్ లెఫ్ట్, క్లయింట్‌వై లోంచి రెక్ట్ టాప్ తీసెయ్, ఫోటోలో మౌస్ ఎక్కడుందో సరిగ్గా వస్తుంది. ఆ రెక్ట్‌ను పేజీ లోడ్ అయినప్పుడు ఒకసారి తీసి దాచిపెట్టుకోకు, ప్రతి కదలికకూ కొత్తగా అడుగు.

ఆరి వెలగడానికి కారణం ఏమిటంటే, అద్దం మౌస్ కిందికి రాగానే మౌస్ ఇక ఫోటో మీద లేనట్టు, అద్దం మీద ఉన్నట్టు లెక్క. ఫోటోకు "వెళ్లిపోయింది" అని ఈవెంట్ వెళ్తుంది, నువ్వు అద్దం దాచేస్తావు, దాచగానే మళ్లీ ఫోటో మీదికి వచ్చినట్టు, మళ్లీ చూపిస్తావు. ఇట్లా సెకనుకు ఎన్నిసార్లో. అద్దానికి పాయింటర్-ఈవెంట్స్ నన్ అని ఒక్క మాట రాయి, అయిపోతుంది.

టవర్‌క్లాక్_కుర్రోడు (అనంతపురం):
అన్నా రెండూ పోయాయి!! థ్యాంక్స్. పేజ్‌వై సంగతి కరెక్టుగా పట్టేశావు. ఇప్పుడు ఇంకోటి కనబడుతోంది. నెమలి బుటా కన్ను మీద మౌస్ పెడితే అద్దం మధ్యలో కన్ను రాకుండా కొంచెం పక్కకు, కొంచెం కిందికి వస్తోంది. ఎక్కువ కాదు, నాలుగైదు పిక్సెళ్లు. ఫార్ములా మార్చి మార్చి చూస్తున్నా.

కొండారెడ్డి_కోడర్ (కర్నూలు):
అద్దానికి బోర్డర్ పెట్టావా? బంగారు రంగులో నాలుగు పిక్సెళ్లు?

టవర్‌క్లాక్_కుర్రోడు (అనంతపురం):
అవును అన్నా, 4. బంగారు రంగే 😄 మామ కోరిక.

కొండారెడ్డి_కోడర్ (కర్నూలు):
అదే. బ్యాక్‌గ్రౌండ్ బోర్డర్ లోపలి అంచు నుంచి మొదలవుతుంది, నీ లెక్క మాత్రం బయటి అంచు నుంచి. లెక్క ఒకసారి పూర్తిగా రాస్తా, తర్వాత వచ్చేవాళ్లకూ పనికొస్తుంది.

ఫోటో తెర మీద 480 వెడల్పు, 720 ఎత్తు అనుకుందాం. పెద్దది చేసేది 2.5 రెట్లు. అంటే అద్దం బ్యాక్‌గ్రౌండ్-సైజ్ 1200, 1800. మౌస్ ఫోటోలో అడ్డంగా 200 దగ్గర, నిలువుగా 300 దగ్గర ఉంది. ఆ చుక్క పెద్ద బొమ్మలో 500, 750 దగ్గరికి వెళ్తుంది. అది అద్దం మధ్యలో ఉండాలంటే సగం అద్దం తీసెయ్యాలి. 180లో సగం 90. కాబట్టి బ్యాక్‌గ్రౌండ్-పొజిషన్ మైనస్ 410, మైనస్ 660. అద్దం ఉండాల్సిన చోటు 110, 210. ఇప్పుడు బాక్స్-సైజింగ్ బోర్డర్-బాక్స్ అయి, చుట్టూ 4 పిక్సెళ్ల బోర్డర్ ఉంటే లోపల మిగిలేది 172, దాని సగం 86. అప్పుడు మైనస్ 414, మైనస్ 664 రావాలి. నీకు తేడా వస్తున్న నాలుగు పిక్సెళ్లు అవే. ఈ తలనొప్పి వద్దనుకుంటే బోర్డర్ తీసేసి బాక్స్-షాడోతో బంగారు రింగు వెయ్, షాడో కొలతల్లోకి రాదు, మామకు తేడా తెలియదు.

ఇంకా రెండు మాటలు. అద్దం స్థానానికి లెఫ్ట్, టాప్ మార్చే బదులు ట్రాన్స్‌ఫార్మ్ ట్రాన్స్‌లేట్ వాడు, లేఅవుట్ మళ్లీ మళ్లీ లెక్కవేసే పని బ్రౌజర్‌కు తప్పుతుంది. ప్రతి మౌస్ కదలికకూ వెంటనే గీయించకుండా, ఆఖరి స్థానం దాచుకుని రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్‌లో (తెర మళ్లీ గీసే ముందు బ్రౌజర్ పిలిచేది) ఒకసారి గీయించు. ట్రాన్సిషన్ మాత్రం అద్దం కదలికకు పెట్టొద్దు. కొందరు స్మూత్‌గా ఉంటుందని పెడతారు, అద్దం మౌస్ వెనక ఈడ్చుకుంటూ వస్తుంది, చూసేవాళ్లకు చిరాకు.

ఉగ్గాణి_ఫ్యాన్ (అనంతపురం):
సీఎస్ఎస్‌లో జూమ్ అని ప్రాపర్టీనే ఉంది కదన్నా, హోవర్‌లో జూమ్ 2 అంటే సరిపోదా? నేను ఊరికే అడుగుతున్నా, కొట్టొద్దు.

కొండారెడ్డి_కోడర్ (కర్నూలు):
కొట్టను. అది పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నుంచి వచ్చింది, ఫైర్‌ఫాక్స్ 126 వరకు, అంటే 2024 వరకు ఒప్పుకోనేలేదు. ఇప్పుడు అన్నిట్లో ఉంది కానీ అది పెడితే చుట్టూ ఉన్నవన్నీ జరిగిపోతాయి, ధర, బటన్ అన్నీ కిందికి. స్కేల్ అయితే ఏదీ కదలదు. నీ ఆలోచనలో సగం మంచిదే: ఫోటోను ఒక డబ్బాలో పెట్టి ఓవర్‌ఫ్లో హిడెన్, హోవర్‌లో స్కేల్ 2.5, ట్రాన్స్‌ఫార్మ్-ఆరిజిన్ (ఏ చుక్క నుంచి పెద్దదవ్వాలో) మౌస్ ఉన్న శాతం. జావాస్క్రిప్ట్ చేసేదల్లా రెండు సీఎస్ఎస్ వేరియబుల్స్‌లో శాతాలు నింపడమే. అద్దం లేదు, రెండో బొమ్మ లేదు, బోర్డర్ లెక్కలు లేవు. నిజం చెప్పాలంటే చీరలకు నాకు ఇదే నచ్చుతుంది. గుండ్రటి అద్దం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గాని చిన్న కిటికీ అది, అంచూ ఒంటీ కలిసే చోటు మొత్తం ఒకేసారి కనబడదు.

పిక్సెల్_పద్మ (కడప):
కొండారెడ్డి గారూ, ఇక్కడ నేను ఒప్పుకోను. ఉన్నచోటే పెద్దదైతే చీర మొత్తంలో నేను ఎక్కడున్నానో తెలియదు. కొంగు చూస్తున్నానా, అంచు చూస్తున్నానా? అద్దం అయితే చుట్టూ చీర కనబడుతూనే ఉంటుంది. చీర కొనేవాళ్లు రెండూ చూస్తారు, డిజైన్ మొత్తం ఒకసారి, నేత దగ్గరగా ఒకసారి. పక్కన పెద్ద పలకలో చూపించేది మూడో పద్ధతి, పెద్ద తెర ఉన్నవాళ్లకు అదే మేలు, లాప్‌టాప్‌లో చోటు చాలదు.

కుర్రోడూ, ఆ గొడవ పక్కన పెట్టి ఒక్క సంగతి విను. నీ సైట్‌కు వచ్చేవాళ్లలో మౌస్ ఉన్నవాళ్లు ఎందరు? చీరల షాపు సైట్ లింకు వాట్సాప్‌లోనే తిరుగుతుంది, తెరిచేది ఫోన్లోనే. నువ్వు ఇంతసేపు కుస్తీ పట్టింది వాళ్లకు కనబడనే కనబడదు.

టవర్‌క్లాక్_కుర్రోడు (అనంతపురం):
నిజమే అక్కా. టచ్‌మూవ్ పెట్టి చూశాను, వేలు పెడితే అద్దం వస్తోంది కానీ పేజీ కూడా జరుగుతోంది, రెండూ కొట్టుకుంటున్నాయి. గట్టిగా నొక్కి పట్టుకుంటే "చిత్రాన్ని డౌన్‌లోడ్ చేయి" మెనూ వస్తోంది. పైగా వేలి కిందే అద్దం, కనబడి చావదు.

పిక్సెల్_పద్మ (కడప):
వేలి కింద అద్దానికి మందు ఉంది, అద్దాన్ని వేలికి 80, 90 పిక్సెళ్లు పైకి జరపాలి, ఫోన్లో అక్షరాలు ఎంచుకునేటప్పుడు పైన చిన్న అద్దం వచ్చినట్టు. పాయింటర్ ఈవెంట్లు వాడితే మౌస్, వేలు, పెన్ను మూడింటికీ ఒకటే కోడ్. పేజీ జరగకుండా ఉండాలంటే ఫోటోకు టచ్-యాక్షన్ నన్ అనాలి, కానీ అలా అంటే ఫోన్ తెర నిండా ఫోటో ఉన్నప్పుడు జనం కిందికి జరపలేక ఇరుక్కుపోతారు. ఎంత పైకి తోసినా పేజీ కదలదు, సైట్ చెడిపోయింది అనుకుని మూసేస్తారు. పాన్-వై అంటే నిలువు జరుపుడు పేజీకి వదిలేస్తాం, కానీ చీరను నిలువుగా చూడబోతే బ్రౌజర్ మధ్యలో లాగేసుకుంటుంది, అప్పుడు పాయింటర్‌క్యాన్సిల్ అని వస్తుంది. దాన్ని పట్టించుకోకపోతే అద్దం తెర మీదే అతుక్కుపోతుంది.

కాబట్టి నా సలహా, ఫోన్లో అద్దమే వద్దు. ఫోటోను పెద్ద ఫోటో ఫైల్‌కు లింకుగా చెయ్, అంతే. నొక్కితే పెద్ద ఫోటో తెరుచుకుంటుంది, రెండు వేళ్లతో సాగదీసుకుంటారు, అది మా అమ్మకు కూడా వచ్చు, ఎవరూ నేర్పక్కర్లేదు. జావాస్క్రిప్ట్ ఆగిపోయినా ఇది పనిచేస్తుంది. తర్వాత తీరిక ఉంటే డయలాగ్ ఎలిమెంట్‌లో తెరిచేటట్టు చేసుకో, మూసే బటన్ పెద్దదిగా పెట్టి. వ్యూపోర్ట్ మెటాలో యూజర్-స్కేలబుల్ నో అని రాసి ఉంటే ముందు అది తీసెయ్, ఎక్కడో కాపీ చేసిన టెంప్లేట్లలో అది ఉంటుంది. ఐఫోన్ సఫారీ దాన్ని ఐఓఎస్ 10 నుంచే లెక్కచేయదు కానీ ఆండ్రాయిడ్‌లో జనానికి సాగదీసుకునే వీలు పోతుంది.

మౌస్ ఉన్నవాళ్లకే అద్దం చూపించాలంటే మీడియా క్వెరీలో హోవర్ హోవర్, పాయింటర్ ఫైన్ అని రెండూ అడుగు. తెర వెడల్పు బట్టి తేల్చొద్దు, ట్యాబ్లెట్లు వెడల్పుగానే ఉంటాయి.

కొండారెడ్డి_కోడర్ (కర్నూలు):
పద్మ గారు చెప్పిన లింకు సలహాకు నా ఓటు. అద్దం ఎందుకు మంచిదో చెప్పింది మాత్రం ఇంకా ఒప్పుకోలేదు 🙂

ఆదోని_ఫోటోవాలా (ఆదోని):
సలాం. నాకు కోడ్ రాదు, పెళ్లి ఫోటోలు, షాపుల ఫోటోలు తీస్తాను. కుర్రోడు మసక అన్నాడు కదా, ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. తమ్ముడూ ఆ ఫోటోలు నీకు ఎట్లా వచ్చాయి? మామ వాట్సాప్‌లో పంపాడా?

టవర్‌క్లాక్_కుర్రోడు (అనంతపురం):
అవును భాయ్, షాపులో కుర్రాడు ఫోన్లో తీసి గ్రూపులో పెట్టాడు.

ఆదోని_ఫోటోవాలా (ఆదోని):
అక్కడే పోయింది సగం. వాట్సాప్ ఫోటోను కుదించి పంపుతుంది, తీసినప్పుడు ఉన్న జరీ గీతలు నీ దగ్గరికి వచ్చేసరికి లేవు. లేని దాన్ని ఏ భూతద్దం చూపిస్తుంది? డాక్యుమెంట్‌గా పంపమను, లేకపోతే డ్రైవ్‌లో పెట్టమను.

ఇంక తీయడం. జరీ మీద ఎదురుగా ఫ్లాష్ కొడితే తెల్లగా కాలిపోతుంది, ఆ కాలిన చోట పెద్దది చేసినా తెలుపే. కిటికీ పక్కన పెట్టి, వెలుగు ఒక పక్క నుంచి పడేటట్టు తియ్యమను, అప్పుడు పడుగు పేక లేచి కనబడతాయి. ధర్మవరం చీరల్లో రెండు రంగులు కలిసి మెరిసేవి ఉంటాయి కదా, పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు, అవి ఒకే కోణంలో తీస్తే ఒకే రంగు అనిపిస్తుంది. ఒక మడత పైకి లేపి తీస్తే రెండూ వస్తాయి. ఫోన్ చేత్తో పట్టుకోకుండా స్టాండ్ మీద పెట్టి టైమర్ పెట్టమను. ఫోన్లో జూమ్ చేసి తియ్యొద్దు, దగ్గరికి జరిగి తియ్యాలి. చిన్న ఫోటోలో జరీ మీద అలలు అలలుగా గీతలు కనబడితే భయపడొద్దు, సన్నటి నేతను కుదించినప్పుడు అట్లా వస్తుంది, పెద్ద ఫోటోలో ఉండవు.

కొండారెడ్డి_కోడర్ (కర్నూలు):
భాయ్ చెప్పిందే అసలు సంగతి, ఇందాక నేను "తర్వాత చెబుతా" అన్నది ఇదే, నాకన్నా బాగా చెప్పారు. కొలత మాత్రం నేను కలుపుతా. తెర మీద 480 పిక్సెళ్ల ఫోటోను 2.5 రెట్లు చూపించాలంటే ఫైల్ వెడల్పు కనీసం 1200 ఉండాలి. డివైస్ పిక్సెల్ రేషియో 2 ఉన్న తెరలకు (సీఎస్ఎస్‌లో ఒక పిక్సెల్‌కు అడ్డంగా రెండు అసలు చుక్కలు) 2400. అంటే 2400 బై 3600 ఫోటో చాలు, అంతకన్నా పెద్దది పెట్టినా అద్దంలో కనబడదు, బరువు తప్ప. పేజీలో చూపించేది 480, 960 వెడల్పుల చిన్నవి, ఎస్ఆర్‌సీసెట్‌లో (తెరకు తగిన ఫోటో బ్రౌజర్ ఎంచుకునేలా ఇచ్చే జాబితా). పెద్ద ఫైల్ మాత్రం మౌస్ ఫోటో మీదికి వచ్చాకే దింపు, లేకపోతే ముప్ఫై చీరల పేజీ తెరిస్తే డేటా ప్యాక్ అయిపోతుంది జనానికి. వెబ్‌పీలో పెడితే జేపెగ్ కన్నా ఫైల్ చిన్నదవుతుంది, కానీ బ్రౌజర్ దాన్ని విప్పాక మెమరీలో పట్టే చోటు ఫార్మాట్ బట్టి మారదు. ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు, 2400 ఇంటూ 3600 అంటే సుమారు 35 ఎంబీ. ఒక్కోటీ. అందుకే అన్నీ ఒకేసారి వద్దంటున్నా.

పెద్దది దిగేలోపు అద్దం ఖాళీగా కనబడకూడదంటే ఒక చిట్కా. బ్యాక్‌గ్రౌండ్-ఇమేజ్‌లో రెండు ఫోటోలు కామా పెట్టి రాయొచ్చు, ముందు పెద్దది, తర్వాత చిన్నది. పెద్దది వచ్చేవరకు కింద ఉన్న చిన్నది మసకగా కనబడుతుంది, రాగానే దాన్ని కప్పేస్తుంది. ఒక్క లైను కోడ్ అదనంగా రాయక్కర్లేదు.

ఉగ్గాణి_ఫ్యాన్ (అనంతపురం):
ఇది మాత్రం సూపర్ అన్నా. మా అక్క వాళ్ల బొటిక్ సైట్ వర్డ్‌ప్రెస్‌లో ఉంది, అందులో 4000 వెడల్పు ఫోటో ఎక్కిస్తే అద్దంలో అంత క్వాలిటీ రావడం లేదు, ఎందుకు?

కొండారెడ్డి_కోడర్ (కర్నూలు):
వర్డ్‌ప్రెస్ 5.3 నుంచి, 2019 చివర్లో వచ్చింది, ఏ పక్కైనా 2560 దాటిన ఫోటోను అదే కుదించి పేరు చివర స్కేల్డ్ అని చేర్చి వాడుకుంటుంది. అసలు ఫైల్ సర్వర్‌లోనే ఉంటుంది, అద్దానికి దాని అడ్రస్ ఇవ్వు. వూకామర్స్ (వర్డ్‌ప్రెస్‌లో ఆన్‌లైన్ షాపు పెట్టే ప్లగిన్) అయితే ఇంకా సులువు, 3.0 నుంచి గ్యాలరీలో జూమ్ ఉండనే ఉంది, థీమ్‌లో ఆన్ చేయాలంతే, విడిగా రాయడం దండగ.

రాతిరాత (ప్రొద్దుటూరు):
మీ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. నేను రిటైరయిన తెలుగు టీచర్ను, కొత్తగా ఈ పనులు నేర్చుకుంటున్నాను. మా కడప జిల్లాలో శాసనాలకు కొదవ లేదు. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల శాసనం ఉంది, రేనాటి చోళుడు ధనంజయుడు వేయించినది, క్రీ.శ. 575 నాటిదని చెబుతారు, తెలుగులో దొరికిన తొలి శాసనంగా పిల్లలకు పాఠం చెప్పేవాణ్ని. ఇలాంటి రాళ్ల ఫోటోలు, కాగితం అద్ది సిరా తట్టి తీసిన నకళ్ల ఫోటోలు పోగుచేసి ఒక పేజీలో పెడుతున్నాను. మా మనవడు గుండ్రటి అద్దం పెట్టి ఇచ్చాడు. కానీ చదవడానికి అది పనికిరావడం లేదు. రెండక్షరాలు కనబడేసరికి మూడోది పోతోంది. ఫోటోలు పెద్దవి, ఒక్కోటి 6000 బై 4000. ఫోన్లో పేజీ ఆగిపోతోంది.

కొండారెడ్డి_కోడర్ (కర్నూలు):
మాస్టారూ, ఆగిపోవడం సహజం. 6000 ఇంటూ 4000 ఇంటూ 4, ఒక్క ఫోటో 96 ఎంబీ మెమరీ తింటుంది. మనవడు అద్దాన్ని కాన్వాస్‌తో (జావాస్క్రిప్ట్‌తో బొమ్మ గీసే చోటు) చేసి, ఫోటో మొత్తాన్ని కాన్వాస్‌లోకి ఎక్కించి ఉంటే పాత ఐఫోన్లలో ఇంకో అడ్డం ఉంది, కాన్వాస్ మొత్తం 1,67,77,216 పిక్సెళ్లు దాటకూడదు, మీ ఫోటో 2 కోట్ల 40 లక్షలు. ఇలాంటివాటికి ఫోటోను చిన్న చిన్న పలకలుగా కోసి పెడతారు, చూస్తున్న చోటి పలకలే దిగుతాయి. ఓపెన్‌సీడ్రాగన్ అని ఉచిత లైబ్రరీ ఉంది, పాత తాళపత్రాలు, పటాలు చూపించే లైబ్రరీలు, మ్యూజియాలు చాలావరకు అలాంటివే వాడతాయి. ప్లగిన్ వద్దు అని ఇందాక అన్నది నేనే గాని, ఇక్కడ మాత్రం లైబ్రరీనే వాడండి, పలకల పని చేత్తో రాసుకునేది కాదు.

పిక్సెల్_పద్మ (కడప):
మాస్టారూ నమస్కారం, మాది కడపే. మీకు లైబ్రరీ పెట్టేలోపు ఆ అద్దంతోనే ఒకటి చేసి చూడండి. గుండ్రం తీసేసి అడ్డంగా పొడవైన పట్టీ చేయించండి, 420 వెడల్పు, 110 ఎత్తు. చదువు అడ్డంగా సాగుతుంది కాబట్టి ఒక వరుస మొత్తం పట్టాలి. లెక్కలో సగం వెడల్పు 210, సగం ఎత్తు 55 అని విడివిడిగా రాయమనండి, మనవడికి అర్థమవుతుంది. ఫోటోలను 2400కు కుదించి పెట్టినా వరుస చదవడానికి సరిపోవచ్చు.

రెండోది, ఇది నాకు చాలా ఇష్టమైన పని: అద్దానికి మాత్రమే ఫిల్టర్ పెట్టొచ్చు. గ్రేస్కేల్ 1, కాంట్రాస్ట్ 1.6 అంటే రాతి రంగులు పోయి చెక్కిన గీతలు ముదురుగా లేస్తాయి. నకలు కాగితంలో నేల నలుపు, అక్షరం తెలుపు కదా, ఇన్వర్ట్ 1 కలిపితే తెల్ల కాగితం మీద నల్ల అక్షరం అవుతుంది, అద్దం కింద మాత్రమే. చుట్టూ అసలు ఫోటో అలాగే ఉంటుంది. జావాస్క్రిప్ట్ ముట్టుకోనక్కర్లేదు, సీఎస్ఎస్‌లో ఒక్క లైను.

రాతిరాత (ప్రొద్దుటూరు):
అమ్మా, అద్భుతం. మనవడు నిమిషాల్లో చేశాడు. తిరగేసిన నకలులో వరుస హాయిగా చదవగలుగుతున్నాను. కాంట్రాస్ట్ 1.6 ఒక ఫోటోకు ఎక్కువైంది, 1.3 పెట్టాము. మరి మౌస్ చేతికి నిలకడగా ఉండటం లేదు, వయసు. వరుస తప్పుతోంది.

పిక్సెల్_పద్మ (కడప):
అయితే బాణం కీలతో జరిగేటట్టు చేయించండి. ఫోటో ఉన్న డబ్బాకు ట్యాబ్‌ఇండెక్స్ 0 ఇస్తే ట్యాబ్ నొక్కి దాని మీదికి రావచ్చు, కుడి బాణానికి 10 పిక్సెళ్లు కుడికి, కింది బాణానికి ఒక వరుస ఎత్తు కిందికి. అలా అయితే వరుస తప్పదు. బాణం నొక్కినప్పుడు పేజీ జరగకుండా ప్రివెంట్‌డిఫాల్ట్ పెట్టమనండి, ఎస్కేప్ నొక్కితే అద్దం పోవాలి. ఎస్కేప్ సంగతి కుర్రోడికి కూడా. హోవర్‌లో వచ్చేదాన్ని మౌస్ కదపకుండానే తీసేసే వీలుండాలని 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 (వెబ్ పేజీలు అందరూ వాడుకోగలిగేలా రాసిన మార్గదర్శకాలు) చెబుతుంది. అది వికలాంగులకే అనుకుంటారు, అద్దం అడ్డం వచ్చి ధర కనబడనప్పుడు అందరికీ కావాలి.

టవర్‌క్లాక్_కుర్రోడు (అనంతపురం):
ఎస్కేప్ పెట్టాను అక్కా. కొత్త ఫోటోలు వచ్చాయి, డాక్యుమెంట్‌గా. భాయ్ చెప్పినట్టు కిటికీ దగ్గర తీశారు. అద్దంలో జరీ దారం దారంగా కనబడుతోంది, హంస బుటా ముక్కు దగ్గర మెట్లు మెట్లుగా ఉన్న నేత కూడా. అయితే కొత్త గొడవ. మామ చూసి, "ఇదేందిరా, ఇక్కడ దారం తేలింది, ఇక్కడ ముడి కనబడుతోంది, ఎవరు కొంటారు, తీసెయ్" అంటున్నాడు 😂

ఆదోని_ఫోటోవాలా (ఆదోని):
తీయొద్దను. షాపులో చూసినా ఆ ముడి కనబడుతుంది కదా. ఇంటికి వచ్చాక చూసి వెనక్కి పంపేకన్నా ముందే చూసుకున్నోళ్లే నయం. అయినా మగ్గం మీద నేసిందాన్లో అంతా గీత గీసినట్టు ఉండదు.

ఉగ్గాణి_ఫ్యాన్ (అనంతపురం):
అయితే అద్దంలో చూసి చేనేతా పవర్‌లూమా చెప్పేయొచ్చా?

ఆదోని_ఫోటోవాలా (ఆదోని):
ఫోటో చూసి ఎవడైనా చెప్పాడంటే నేను నమ్మను. వెనక వైపు చూడాలి, చేత్తో పట్టుకోవాలి. చేనేత లేబుల్, పట్టుకు సిల్క్ మార్క్ ఉంటే వాటి ఫోటో కూడా పెట్టమను, వెనక వైపు ఫోటో ఒకటి పెట్టమను. వెనక వైపు పెట్టే షాపులు తక్కువ, పెడితే జనానికి నమ్మకం.

టవర్‌క్లాక్_కుర్రోడు (అనంతపురం):
వెనక వైపు ఐడియా బాగుంది భాయ్. అన్నా, ఒక పేజీలో గ్రిడ్ కోసం ఫోటోను 480 బై 600 డబ్బాలో ఆబ్జెక్ట్-ఫిట్ కవర్ పెట్టాను. అక్కడ అద్దం నిలువుగా మాత్రం తప్పుతోంది, అడ్డంగా కరెక్ట్.

కొండారెడ్డి_కోడర్ (కర్నూలు):
అడ్డంగా 480 సరిపోయింది, నిలువుగా 720 రావాల్సిన ఫోటోలో 600 కనబడుతోంది, పైన 60, కింద 60 కోసేశారు. మౌస్ నిలువు స్థానానికి 60 కలిపి తర్వాత 2.5తో గుణించు. అంకెను చేత్తో రాయకు, నేచురల్‌విడ్త్, నేచురల్‌హైట్ నుంచి లెక్క తీయించు. అవి ఫోటో లోడ్ కాకముందు సున్నా ఉంటాయి, లేజీ లోడింగ్ పెట్టావు కాబట్టి లోడ్ ఈవెంట్ తర్వాతే అడగాలి. ఉన్నచోటే స్కేల్ చేసే నా పద్ధతిలో ఈ బాధ ఉండదని మరొక్కసారి సభాముఖంగా తెలియజేస్తున్నాను.

పిక్సెల్_పద్మ (కడప):
సభ గమనించింది 😀

రాతిరాత (ప్రొద్దుటూరు):
బాబూ, వెనక వైపు అన్నారు కదా, నాకొక సందేహం. ఒకే రాయిని ఎడమ వెలుతురులో ఒకటి, కుడి వెలుతురులో ఒకటి తీశాను. అరిగిన అక్షరం ఒకదాంట్లో కనబడనిది ఇంకోదాంట్లో కనబడుతుంది. అద్దం కింద రెండో ఫోటో చూపించగలమా?

పిక్సెల్_పద్మ (కడప):
మాస్టారూ!! భేషుగ్గా చూపించొచ్చు. అద్దం బ్యాక్‌గ్రౌండ్‌లో అదే ఫోటో ఉండాలని ఎక్కడా లేదు. రెండో ఫోటో అడ్రస్ ఇవ్వండి, పెద్దది చేయకుండా 1 రెట్టే ఉంచండి, అప్పుడు రాయి మీద వెలుగు దిశ మారుస్తున్నట్టు ఉంటుంది. కుర్రోడూ, నీ చీరకు కూడా: పైన ముందు వైపు, అద్దంలో వెనక వైపు. వెనక వైపు ఫోటోను కుడి ఎడమ తిప్పి సేవ్ చేసుకో, లేకపోతే బుటాలు ఒకదాని మీద ఒకటి రావు. నిమ్మలకుంట తోలుబొమ్మలకు ఎవరైనా ఇలా చేస్తే చూడాలని ఉంది, మామూలు వెలుతురులో బొమ్మ, అద్దం కింద వెనక దీపం పెట్టిన బొమ్మ, ఆ చిల్లులన్నీ మెరుస్తూ.

కొండారెడ్డి_కోడర్ (కర్నూలు):
సరే, ఇది నా పద్ధతిలో కుదరదు. అద్దమే కావాలి.

రెండు ఫోటోలూ పిక్సెల్‌కు పిక్సెల్ కలవాలి మాస్టారూ, కెమెరా స్టాండ్ మీద నుంచి కదలకూడదు, ఫోకస్ కూడా ఒకసారి పెట్టి లాక్ చేయండి, దీపం ఒక్కటే అటూ ఇటూ జరపండి. ఇప్పటికే తీసిన వాటిలో కొంచెం తేడా ఉంటే జింప్‌లో (ఉచిత ఫోటో ఎడిటర్) రెండు లేయర్లుగా పెట్టి, పై దాన్ని సగం పారదర్శకం చేసి జరుపుకోవచ్చు.

రాతిరాత (ప్రొద్దుటూరు):
స్టాండ్ మీదే తీశాను, కానీ రెండోది తీసేటప్పుడు స్టాండ్ కొంచెం ఒరిగింది. జింప్‌లో తిప్పే వీలు కూడా ఉంటుందా?

కొండారెడ్డి_కోడర్ (కర్నూలు):
ఉంటుంది, రొటేట్ టూల్‌లో డిగ్రీలో పదో వంతు కూడా ఇవ్వొచ్చు. ముందు తిప్పండి, తర్వాత జరపండి, చివర్లో రెండిటినీ కలిపి ఒకే కొలతకు కత్తిరించండి. రాతి అంచు కాకుండా దూరంగా ఉన్న రెండు అక్షరాలు చూసి కలుపుకోండి, అవి రెండూ కలిస్తే మధ్యవి వాటంతట అవే కలుస్తాయి.